అదుపులో అంటే ఎక్కడ?

పోయిన ఎండాకాలం ఒక మంగళవారం రాత్రి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "పాపా, వాణ్ణి టేషన్లో కూర్చోబెట్టినారంట" అనింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. కడప జిల్లాలో పుట్టి పెరిగినోళ్లెవరూ 'కూర్చోబెట్టినారు' అంటే కుర్చీ వేసి కాఫీ ఇచ్చినారని అనుకోరు.

వాడంటే చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు. బొలేరో పికప్ తోలుకుంటాడు. ఎవరో బాడుగకు పిలిస్తే బోరు మోటార్లు, కేబుల్ చుట్టలు వేసుకుని పోయినాడు. అవి ఎవరి చేలోనో ఎత్తుకొచ్చినవని ఫిర్యాదు. బండి నంబరు ఎవరో చూసినారు. మనిషిని పిలిచినారు, పోయినాడు, ఇంటికి రాలేదు.

బుధవారం పొద్దున జిల్లా పేజీలో అడుగున నాలుగు లైన్ల వార్త వచ్చింది. మోటార్ల దొంగతనం కేసులో 'పలువురిని పోలీసులు అదుపులోకి తీసుకుని విచారిస్తున్నట్లు తెలిసింది' అని. చిన్నమ్మ కూడబలుక్కుని చదువుతుంది. పేపరు నా టేబుల్ మీద పరిచి, ఆ లైను మీద వేలు పెట్టి అడిగింది: "అదుపులో అంటే అరెస్టా, కాదా?"

నేను కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ సెంటర్ నడుపుతాను, ఇరవై ఆరేళ్ల నుంచీ. వకాల్తాలు, అఫిడవిట్లు, బెయిలు పిటిషన్లు, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు, ఇంగ్లీషు కాగితాలకు తెలుగు. కస్టడీ అనే మాట నా వేళ్ల కింద ఎన్ని వేలసార్లు పడిందో లెక్క లేదు. చిన్నమ్మకు మాత్రం ఆరోజు జవాబు చెప్పలేకపోయినాను. "కనుక్కుంటా ఉండు చిన్నమ్మా" అన్నాను. ఆ కనుక్కోవడమే ఈ పోస్టు.

ఎద్దులకూ మంటలకూ వాడే మాట

బ్రౌన్ దొర బతికిన ఊళ్లో మాటల గురించి రాయాలంటే కొంచెం జంకే. 1820లో కొలువుకు కడపకొచ్చి తెలుగు పట్టుకున్న మనిషి ఆయన. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. అయినా ఈ మాట గురించి నిఘంటువులు తిరగేసే ముందు, మనం రోజూ ఎట్లా వాడుతున్నామో చూస్తే చాలనిపించింది.

మంటలు అదుపులోకి వస్తాయి. లారీ అదుపు తప్పి బోల్తా పడుతుంది. షుగరు అదుపులో ఉందని డాక్టరు చెబితే ఆ పూట ఒక మైసూర్‌పాకు ముక్క ఎక్కువ తింటాం. నోరు అదుపులో పెట్టుకో అంటారు, పిల్లల్ని అదుపులో పెట్టుకో అంటారు. కోడలు అత్త అదుపాజ్ఞల్లో ఉండాలని ఒక కాలంలో అనేవాళ్లు, ఇప్పుడు లోపల అనుకుంటారు. ఈ వాడకాలన్నిటిలోనూ అదుపు కింద ఉండేది తనంతట తాను హద్దులో ఉండలేనిది. ఎద్దు, నిప్పు, నోరు, చక్కెర. అదుపు చేసేవాడిది ఎప్పుడూ మంచి పనే. మంటలు అదుపులోకి వచ్చినాయంటే 'పాపం మంట' అని ఎవరూ అనరు.

అదే మాటను మనిషికి తగిలించినప్పుడు, ఆ మంచి వాసన కూడా వెంట వస్తుంది. 'అరెస్టు చేశారు' అని చదివితే, ఎందుకు, ఏ సెక్షను, ఏ కోర్టు అని ఒక ప్రశ్న పుడుతుంది. 'అదుపులోకి తీసుకున్నారు' అని చదివితే పుట్టదు. ఏదో అల్లరి సద్దుమణిగినట్టే ఉంటుంది. మా తమ్ముడి బండి ఓనరు ఆ నాలుగు లైన్లు చదివే తాళంచెవులు ఇంకొకరికి ఇచ్చినాడు. అదుపులో పెట్టాల్సిన మనిషికి బండి ఎట్లా ఇస్తాం అనుకున్నాడేమో.

మిగతా మాటలకు ఇంత తెలివి లేదు. చెర అచ్చ తెలుగు మాట. తమిళంలో సిఱై, కన్నడంలో సెరె దాని తోడబుట్టినవే. కానీ సీతమ్మ కథ పుణ్యమా అని చెరపట్టడం అంటే ఇప్పుడు వేరే నేరం. ఖైదు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, బందిఖానాలో ఖానా పారసీ. నిర్బంధం అన్నిటికంటే విచిత్రం. పేపర్లో 'అక్రమ నిర్బంధం' నేరం, బడి గోడ మీద 'ఉచిత నిర్బంధ విద్య' హక్కు. గోడ మీద అది చదివి మా పెద్దోడు చిన్నప్పుడు, "అంటే మమ్మల్ని లోపలేసినట్టేనా?" అని అడిగినాడు.

అరువు మాటలు అడ్డం తిరగడం మన కోర్టుల్లో కొత్తేం కాదు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన దగ్గరికొచ్చేసరికి ముద్దాయి బోనులో నిలబడినాడు. మా వీధిలో ఉర్దూ పేపరు చదివే పెద్దాయనను అడిగితే, "మాకు హిరాసత్ అంటారమ్మా" అని చెప్పినాడు. అరబ్బీలో ఆ మాటకు మూలార్థం కాపలా కాయడం. అనంతపురం దాటి కన్నడ పేపరు పట్టుకుంటే పోలీసులు వశానికి తీసుకుంటారు. అదే మనం రాస్తే పోలీసులు మందు పెట్టి వశం చేసుకున్నారని అర్థమొస్తుంది.

ఇవన్నీ పదాల ముచ్చట్లు. చిన్నమ్మ ప్రశ్న ముచ్చట కాదు కదా.

అరెస్టు చేయడం, అరెస్టు చూపడం

బుధవారం మధ్యాహ్నం నేను రోజూ పని చేసిపెట్టే ఒక వకీలు దగ్గరికి పోయినాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అరెస్టు చేసినారా?"

"లేదు సార్, కూర్చోబెట్టినారు" అనింది చిన్నమ్మ.

"నోటీసేమన్నా ఇచ్చినారా?"

"ఏమీ ఇయ్యలా."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బెయిలు అడగాలంటే మనిషి కస్టడీలో ఉండాలి. ముందస్తు బెయిలు అడగాలంటే మనిషి బయట ఉండి, అరెస్టవుతాననే భయంలో ఉండాలి. "మీవాడు లోపలా లేడు, బయటా లేడు. పిటిషన్లో ఏమని రాయమంటారమ్మా?" అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు. పాపం నిజంగానే అడిగినాడు.

కోర్టు దగ్గర తిరిగేవాళ్లందరికీ తెలిసిన ఒక మాట ఉంది: అరెస్టు చూపడం. 'సోమవారం తీసుకపోయినారు, గురువారం అరెస్టు చూపినారు' అంటాం. ఎంత మామూలుగా అంటామంటే, ఇరవై ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ మాట దగ్గర ఆగలేదు. అరెస్టు చేసేది కాదు, చూపేది. మరి సోమవారం నుంచి గురువారం దాకా ఉన్నది ఏమిటి? దానికి మనం పెట్టుకున్న పేరే అదుపు. రిమాండు రిపోర్టులో ఆ మనిషి గురువారం పొద్దున ఏ క్రాస్ రోడ్డు దగ్గరో అనుమానాస్పదంగా తిరుగుతూ దొరుకుతాడు. అప్పటిదాకా పరారీలో ఉన్నాడని రాసి ఉంటుంది. ఆ పరారీలో ఉన్న మనిషికి రోజూ అన్నం క్యారియర్ పోతూ ఉంటుంది.

అట్లాంటిచోట కొత్తోళ్లకు అర్థం కాని సంగతి ఇంకొకటి. కొన్నేళ్ల కిందట ఒక తల్లి నా సెంటర్ అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకును రిమాండుకు పంపినారని కబురొచ్చింది. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టుకునింది, "జైలుకు పోయినాడంట, దేవుడు చల్లగా చూసినాడు" అని. జైలంటే రాతకోత ఉంటుంది, నంబరు ఉంటుంది, ములాఖత్ ఉంటుంది. కొడుకు జైలుకు పోతే తల్లి ఊపిరి పీల్చుకుంది. అంతకుముందు వాడున్న చోటికి మన భాషలో సరైన పేరు లేదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

ఇరవై నాలుగు గంటలు ఎప్పటినుంచి

రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన ప్రతి మనిషినీ 24 గంటల్లోపు దగ్గరి మెజిస్ట్రేటు ముందర పెట్టమంటుంది, దారిలో పట్టే సమయం తీసేసి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలంటుంది, వకీలును కలవనీయాలంటుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, అదే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), 58వ సెక్షనులో ఇదే 24 గంటల మాట చెబుతుంది. పాత సీఆర్పీసీలో అది 57. అంతవరకు అందరికీ తెలిసిందే. తకరారంతా గడియారం ఎప్పుడు మొదలవుతుందనే దగ్గర.

అరెస్టు కాగితం రాసినప్పటినుంచి అంటే, కాగితం రాసేవాడి చేతిలోనే గడియారం ఉన్నట్టు. మనిషిని పట్టుకున్నప్పటినుంచి అంటే, అదుపు మొదలైన క్షణమే గడియారం మొదలైనట్టు. ఈ తేడా కనిపెట్టింది నేను కాదు. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక బెయిలు కేసులో దీన్ని పట్టుకుని ఉతికి ఆరేసినాడు. కస్టడీ అనేది సాగదీస్తే సాగే మాటే, కానీ దాని గుజ్జు ఒకటే, మనిషి చట్టం చేతికి చిక్కడం అన్నది ఆయన మాటల సారం. అనధికారికంగా పట్టుకున్నాం గానీ అరెస్టు చేయలేదు, విచారణకు ఉంచుకున్నాం గానీ కస్టడీ కాదు అనే రకం మాటల గారడీ చట్టాన్ని తప్పించుకోవడమేనని కూడా అన్నాడు.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలినాను. ఎందుకంటే అప్పటిదాకా ఈ పోస్టును ఇంకోలా రాద్దామనుకున్నాను. 'అదుపు' దొంగ మాట, పేపర్లు ఆ మాట మానేయాలి అని. కృష్ణయ్యర్ చెప్పిన ఆ 'చేతికి చిక్కడం' ఉంది చూడండి, దానికి తెలుగులో అతికినట్టు సరిపోయే మాట ఏది? అదుపే! మన విలేకరి తెలిసో తెలియకో కస్టడీకి సరైన తెలుగే రాస్తున్నాడు. దాన్ని మనం 'అరెస్టు కాదులే' అని చదువుకుంటున్నాం. మాటలో తప్పు లేదు, చదువుకోవడంలో ఉంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకోవడానికి లేదు. ప్రతి అరెస్టులోనూ కస్టడీ ఉంటుంది గానీ ప్రతి కస్టడీ అరెస్టు కాదని 1994లో దీపక్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కోర్టులో తనంతట తాను వచ్చి లొంగిపోయినవాడు కస్టడీలో ఉన్నట్టే, అతన్ని ఎవరూ అరెస్టు చేయలేదు. కాబట్టి రెండూ ఒకటే అని కొట్టిపారేయలేం. కానీ అక్కడ తేడా మనిషి మంచికి. ఇక్కడ మనం వాడుకుంటున్న తేడా ఎవరి మంచికో చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో ఒక ఈడీ కేసులో సుప్రీంకోర్టు లెక్క చూసింది కాగితం మీద అరెస్టు వేసిన గంట నుంచి కాదు, మనిషి వాళ్ల చేతికి వచ్చిన గంట నుంచి. అట్లా చూస్తే 24 గంటలు దాటిపోయినాయి. అరెస్టే చెల్లలేదు.

అరెస్టు కాగితం కథ కూడా చెప్పాలి, నేను ఎన్నోసార్లు టైపు చేసినది కాబట్టి. 1986లో పశ్చిమ బెంగాల్ నుంచి న్యాయ సహాయం చేసే డి.కె. బసు అనే ఆయన, లాకప్ చావుల పేపరు వార్తలు జతచేసి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసినాడు. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నారు. తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. పట్టుకునే పోలీసుల ఒంటి మీద వాళ్ల పేరు కనపడాలి, తేదీ, సమయంతో మెమో రాయాలి, ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో ఒక్కరైనా సాక్షి సంతకం పెట్టాలి, బంధువులకు కబురు చేయాలి. ఈ షరతులు అరెస్టుకూ నిర్బంధానికీ రెండిటికీ అనే తీర్పులో ఉంది, కానీ వాడుకలో ఇవన్నీ తగులుకునేది 'అరెస్టు' అనే మాటకే. మాట మార్చేస్తే షరతులన్నీ దండెం మీద బట్టల్లా వేలాడుతుంటాయి, వేసుకునే మనిషి ఉండడు.

మా తమ్ముడి విషయంలో ఒక కాగితం పుట్టింది చివరికి. శుక్రవారం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పేపరాయన మాట

ఆ నాలుగు లైన్లు రాసినాయన నాకు తెలిసిన మనిషే. మండల విలేకరి. జీతం అంతంతమాత్రం, యాడ్లు తేవాలి, ఆయన కష్టాలు ఆయనవి. టీ దగ్గర పట్టుకుని నిలదీసినాను.

"అరెస్టు అని ఎందుకు రాయలేదన్నా?"

"అక్కా, అరెస్టు అని రాస్తే 'మేం అరెస్టు చూపనే లేదు, తప్పుడు వార్త' అని ఖండన పంపుతారు. నాకు పై నుంచి అక్షింతలు. అట్లని రాయకుండా ఊరుకుంటే మీవాడు లోపల ఉన్నట్టు ఎవురికీ తెలీదు. అదుపులో అని రాసినా కాబట్టే మంగళవారం రాత్రి మీవాడు టేషన్లో ఉన్నట్టు ఒక అచ్చు సాక్ష్యం ఉంది. రేపు ఎవురన్నా 'మేం పిలవనే లేదు' అంటే ఆ పేపరు చూపొచ్చు."

నేను దెబ్బలాటకు పోయి నోరు మూసుకుని వచ్చినాను. ఆయన చెప్పింది నిజం. మనం దాచే మాట అనుకునేది ఒక్కోసారి బయటపెట్టే మాట కూడా అవుతుంది. అదుపులో అని నాలుగు లైన్లు పడినందుకే ఇంటికి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారని ఆయన అన్నాడు, నేను నమ్మినాను.

నమ్మినాను గానీ, ఒక్క అడుగు ఎందుకు ముందుకు పోడనేది నా పేచీ. అదుపులోకి తీసుకున్నారని రాయి, సరే. ఎప్పుడు? ఎన్ని గంటలకు? ఎక్కడ? ఏ కాగితం ఇచ్చి? 'తెలిసింది', 'సమాచారం' అని ముగించేబదులు 'మంగళవారం సాయంత్రం 5 గంటలకు' అని ఒక్క ముక్క వేస్తే అదే వార్త ఇంకో వార్త అవుతుంది. చదివేవాడు బుధవారం 5 దాటినాక తనే లెక్కపెట్టుకుంటాడు. క్రికెట్ స్కోరుకు ఓవరు, బంతి రాస్తాం. వరదలో ప్రాజెక్టు నీటిమట్టం గంటగంటకూ రాస్తాం. మనిషికి రాయం.

కూర్చోబెట్టడం మంచిదే అన్న మామ

మా మామ ఒకాయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాడు. ఫ్యాక్షన్ రోజులు చూసినవాడు. ఆయన ముందర ఈ మాట ఎత్తితే నవ్వినాడు.

"మ్మే, నీకు కాగితాలు తెల్సు, ఊర్లు తెలీవు. పోలింగు రోజు ఇటు నలుగుర్ని అటు నలుగుర్ని పిల్చి టేషన్లో కూర్చోబెట్టి, సాయంత్రం పెట్టెలు పోయినాక పంపించేవాళ్లం. ఇడ్లీలు మేమే తెప్పించేది. అది చేయకపోతే ఎన్ని తలకాయలు లేచేవో తెల్సా నీకు? ప్రతివాణ్ణీ అరెస్టని రాసి కోర్టులో పెడితే వాడి కొడుక్కి ఉద్యోగం రాదు, వాడికి పాస్‌పోర్టు రాదు. రాయకపోవడం దయ."

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఊరికే వాదనకోసం అనడం లేదు. నిజంగా లేదు. ముందస్తు అరెస్టుకు, బైండోవర్‌కు చట్టంలోనే దారి ఉంది కదా మామా, అన్నాను. "ఉంది. ఆ దారిలో పోతే రెండు పక్కలా చార్జిషీట్లు. మా దారిలో పోతే సాయంత్రానికి ఇల్లు" అన్నాడు. ఆయన ఇడ్లీలు తెప్పించిన మాట కూడా అబద్ధం కాదు. మా ఊళ్లో ఆ ఇడ్లీలు తిన్నవాళ్లు ఇప్పటికీ ఆయనకు నమస్కారం పెడతారు.

ఇంకా ఇబ్బందిపెట్టే సంగతి మా ఇంట్లోనే ఉంది. మా తమ్ముడికి అరెస్టు రికార్డు లేదు. రేపు వాడు ఏ ఫారంలోనైనా 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అనే గడిలో 'లేదు' అని నిజాయితీగా రాయొచ్చు. నేను ఈ పోస్టులో తిడుతున్న ఆ మాటే వాణ్ణి ఆ గడిలో కాపాడుతోంది. చిన్నమ్మ నాతో, "నీకెందుకు పాపా ఈ రాతలు, పిల్లోడు ఇంటికొచ్చినాడు గదా" అన్నప్పుడు ఆమె భయపడి అన్నదొక్కటే కాదు, లెక్క వేసుకుని అన్నది.

అయినా మామ చెప్పిన దయ దగ్గర నాకు ఒకటి అడ్డం పడుతుంది. దయ చూపేవాడు మంచివాడైతే ఇడ్లీలు. కాకపోతే? రెండింటికీ బయట ఒకే మాట, కూర్చోబెట్టినారు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఏది ఏదో తెలిసే దారి లేదు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. కెమెరా బల్లను చూస్తుంది సరే, బల్ల మీద ఉన్నవాడిని ఏమని పిలవాలో కెమెరాకు తెలియదు. అరెస్టయినోడా, సాక్షా, చుట్టపుచూపుగా వచ్చినోడా? సాక్షినైనా పిలవాలంటే కాగితం రాసి పిలవమంటుంది చట్టం, బీఎన్ఎస్ఎస్ 179. 'ఊరికే పిల్చినారు' అనేది చట్టంలో ఎక్కడా లేదు.

అడవిలో దొరికినోళ్లు

మన జిల్లాలో ఈ మాట ఇంకొకళ్ల మీద ఎక్కువగా వాడతాం, వాళ్ల గురించి మనకు పెద్దగా పట్టదు. లంకమల, శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొట్టడానికి వచ్చిన తమిళ కూలీలు. 'పదిమంది కూలీలు అదుపులో' అని హెడ్డింగు. వాళ్లకు క్యారియర్ తెచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఉండరు. వాళ్లకు అర్థమయ్యే భాషలో అరెస్టు కారణాలు ఎవరు చెబుతారు?

భాష విషయం కూడా కొత్తది కాదు. 1962లో మహారాష్ట్ర నుంచి హరికిషన్ అనే ఆయన కేసు వచ్చింది. ముందస్తు నిర్బంధంలో పెట్టి కారణాలు ఇంగ్లీషులో ఇచ్చినారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, హిందీలో ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. అర్థం కాని భాషలో చెప్పడం చెప్పడమే కాదని సుప్రీంకోర్టు ఆ నిర్బంధం కొట్టేసింది. అరవై ఏళ్లు దాటినా, తెలుగు మాత్రమే వచ్చినవాళ్ల చేత ఇంగ్లీషు మెమోల మీద వేలిముద్రలు వేయించి జతచేసిన కట్టలు నా దగ్గరికి జిరాక్సుకు వస్తూనే ఉన్నాయి.

పూచీ ఎవరిది

కస్టడీ లాటిన్ మాట. మూలంలో దానికీ అర్థం కాపలానే, హిరాసత్ లాగా. అందుకే ఫ్యామిలీ కోర్టులో బిడ్డ కస్టడీ తల్లికి ఇచ్చారంటాం. అక్కడ తెలుగులో సంరక్షణ అని రాస్తాం. నేనే రాస్తాను, వందసార్లు రాసి ఉంటాను. అదే కస్టడీ పోలీసుల దగ్గరికి పోతే అదుపు అవుతుంది. ఇంగ్లీషులో ఒకటే మాట, తెలుగులో మనం దాన్ని రెండుగా చీల్చినాం. బిడ్డను చూసుకునే బాధ్యత ఒక మాటలోకి పోయింది, పట్టుకునే బలం ఇంకో మాటలోకి పోయింది.

అసలు కస్టడీలో ఆ రెండూ ఒకే ముద్ద. పట్టుకున్నవాడే కాపలాదారు, లోపల మనిషికి జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా జవాబు చెప్పాల్సింది అతనే. అందుకే కస్టడీ మరణం అనే మాటకు అంత బరువు. 'అదుపులో మరణం' అనండి, ఏదో లారీ బోల్తా పడినట్టుంటుంది.

మనకు పూచీ అని ఒక చక్కని మాట ఉంది. జామీను పెట్టేటప్పుడు పూచీకత్తు రాయించుకుంటాం, మనిషి కోర్టుకు వస్తాడు, నాదీ పూచీ అని. బయటికి వదిలేటప్పుడు చుట్టాల పూచీ కావాలి. లోపలికి తీసుకునేటప్పుడు ఎవరి పూచీ అని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. 'పోలీసుల పూచీలో ఉన్నాడు' అని రాసి చూసినాను. చెవికి ఎబ్బెట్టుగా ఉంది, ఎవరూ వాడరు, నాకు తెలుసు. కొత్త మాటలు పుట్టించి జనం నోట్లో పెట్టాలనే సరదా నాకు లేదు. అదుపే ఉండనీ. కానీ అదుపు అనే మాట అరెస్టు కంటే తక్కువదేం కాదు, అది పడిన గంట నుంచే గడియారం తిరుగుతున్నట్టు, పూచీ మొదలైనట్టు. చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా నా జవాబు ఇది: అవును చిన్నమ్మా, అరెస్టే. కాగితం మాత్రమే రాలేదు.

కర్నూలు పోయినప్పుడల్లా బస్సులోంచి కొండారెడ్డి బురుజు చూస్తాను. నవాబు కొండారెడ్డిని అందులో బంధించినాడని చెప్పుకుంటారు. ఏ నవాబో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది చెప్పలేరు. లోపల ఉన్నాయన పేరే బురుజుకు మిగిలింది. మన రికార్డుల్లో తిరగబడి ఉంటుంది. సంతకం పెట్టినాయన పేరు ఉంటుంది, బల్ల మీద కూర్చున్నాయన పేరు ఉండదు.

శుక్రవారం

శుక్రవారం పొద్దున పదకొండు దాటినాక వాడు వచ్చినాడు. చేతిలో ఒక కాగితం. బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు, విచారణకు పిలిచినప్పుడు హాజరు కావాలని. తేదీ శుక్రవారమే. ఆ కాగితం ప్రకారం వాడు ఆరోజు పొద్దున ఇంటి నుంచి నడుచుకుంటూ పోయి, నోటీసు తీసుకుని, నడుచుకుంటూ వచ్చినట్టు. మంగళ, బుధ, గురువారాలు ఎక్కడా లేవు. మోటార్లు ఎత్తినవాళ్లు వేరే దొరికినారని తర్వాత తెలిసింది. వాడిది బాడుగ ఒక్కటే.

నేను రాత్రి సెంటర్లో కూర్చుని ఒక కాగితం టైపు చేయడం మొదలుపెట్టినాను. అక్రమంగా ఉంచిన మనిషిని వెతకడానికి మెజిస్ట్రేటు సెర్చ్ వారెంటు ఇచ్చే సెక్షన్ ఒకటి ఉంది, బీఎన్ఎస్ఎస్ 100, పాతదాంట్లో 97. మనిషి ఇంటికొచ్చినాక దానికి అర్థం లేదు. అయినా అట్లాంటి పిటిషన్లలో పైన రాసే తేదీల వరస ఒకటుంటుంది, అది మాత్రం రాసి పెట్టుకుందామనిపించింది. ఎన్ని గంటలకు పిలిచినారు, ఎవరు పిలిచినారు అని తమ్ముణ్ణి అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చిన్నమ్మను అడిగినాను. ఆమెకు గంటలు తెలియవు, క్యారియర్లు తెలుసు. వేళ్ల మీద లెక్కపెట్టింది. మంగళవారం రాత్రి ఒకటి, సంగటి. బుధవారం మూడు పూటలా మూడు. గురువారం మూడు. శుక్రవారం పొద్దున ఉగ్గాని ఒకటి. మొత్తం ఎనిమిది. నేను టైపు చేస్తూ పోయినాను. అయిపోయిందనుకుని ప్రింటు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"గురువారం రాత్రిది నిండుగా తిరిగొచ్చింది పాపా. ఆ రాత్రి వాడు ఆడ లేడంట. అది గూడా రాయి."